రోగి పథ్యమున కాఫీ

మన సంఘము వారు ఈ సంచికకు ఏదైన నొక వ్యాసము వ్రాసి పంపుమని కోరినప్పుడు నేను కొంత జంకితిని. నేను పండితుడను గాను. పాత పద్ధతిని యస్.యస్.యల్.సి. ప్యాసై, ఒక ప్రభుత్వ కచేరీలో 35 ఏండ్లు దస్త్రములు వ్రాసి విశ్రాంతి పొందిన గుమాస్తాను. రాజుల చరిత్రలను, శాసనములను పరిశోధించిన పెద్దలు మనలో కలరు. వారు ముట్టని చిన్న విషయము నొకదానిని నేను ఎన్నుకొంటిని. జబ్బు పడినవారికి కాఫీ ఇయ్యవచ్చునా, కూడదా?

ఈ ప్రశ్న రాని సంవత్సరము మన యిండ్లలో లేదు. అవ్వ కూడదనును. కోడలు పలుచగా కలిపి కొంచెము ఇత్తుననును. మంచము మీది మనిషి మాత్రము ఒక్క గుక్కయైన ఇండని బ్రతిమాలును. ఈ చిన్న వాదము వెనుక కొన్ని వందల యేండ్ల చరిత్ర యున్నది. మా యింటి మట్టుకు ఒక దుఃఖము కూడ నున్నది. రెంటిని వరుసగా మనవి చేసెదను.

మన సీమ

ఆరణి నది చిత్తూరు సీమ కొండలలో పుట్టి, పిచ్చాటూరు, సురుటుపల్లి, ఊత్తుకోటల మీదుగా పారి, పెరియపాళయమును ఒరసికొని పోయి పులికాటు చెంత కడలిని గలియును. ఎగువ తెలుగు నాడు, దిగువ తమిళ నాడు. 1960 ఏప్రిల్ 1వ తేదీన రెండు రాష్ట్రముల హద్దులు సవరింపబడి తిరుత్తణి సీమ మదరాసు రాష్ట్రమునకును, సత్యవేడు సీమ ఆంధ్రప్రదేశ్‌కును చేరెను. ఒకే యింటి అన్నదమ్ములు రెండు రాష్ట్రముల వారైరి. హద్దురాళ్లు కదలినను వంట యిండ్ల ఆచారములు ఉన్నచోటనే యుండెను.

సురుటుపల్లిలో శివుడు హాలాహలము త్రాగి సోలి, పార్వతీదేవి ఒడిలో తల యుంచి పవ్వళించి యున్నాడు. శివుడట్లు శయనించి యుండుట అరుదు. త్రాగినదాని ఫలముగా మంచము పట్టినవారిలో ఆయనే మొదటివాడని మా నాయన వేడుకగా అనెడివాడు.

పెరియపాళయమున వెలసిన తల్లి భవానీ అమ్మవారు. ఆంధ్ర సీమ నుండి గాజు లమ్మవచ్చిన వర్తకుడొకడు వేపచెట్టు క్రింద నిద్రింపగా అతని గాజుల మూట పుట్టలో పడెననియు, త్రవ్వి చూడగా అమ్మవారి శిల బయలుపడెననియు స్థల కథ చెప్పుదురు. ఆడి మాసమున తెలుగువారును తమిళులును కుటుంబములతో వచ్చి, పొంగళ్లు పెట్టి, వేపాకుల చీర కట్టుకొని గుడి చుట్టు ప్రదక్షిణము చేయుదురు. జబ్బు నయమైన యెడల వేపాకు కట్టుదుమని మ్రొక్కుకొని వచ్చినవారు వీరిలో అనేకులు. ఆ ప్రదక్షిణమును చూచినచో మన పూర్వులు రోగమును ఎట్లు భావించిరో పుస్తకము లేకయే తెలియును.

అమ్మవారు పోసిన యిల్లు

మశూచికమును మనవారు పెద్దమ్మవారనిరి. పొంగును తట్టమ్మ యనిరి. చిన్న పొక్కులను ఆటలమ్మ యనిరి. ఇంటిలో బిడ్డకు అమ్మవారు పోసినచో, జబ్బు వచ్చినదని ఎవరు ననరు, తల్లి వచ్చినదనెడివారు. గుమ్మమునకు వేపమండలు కట్టెడివారు. పరుల రాకపోకలు నిలిచెడివి. పోపు లేదు, వేపుడు లేదు, నూనె కాగుట లేదు. రోగికి చలువ చేయు పదార్థములు మాత్రమే: పలుచని మజ్జిగ, అంబలి, గంజి, లేత కొబ్బరి నీళ్లు. పొక్కులు మాడిన పిదప పసుపు, వేపాకు వేసిన నీటితో స్నానము.

1967లో నాకు ఏడేండ్ల వయస్సున ఆటలమ్మ పోసెను. అప్పటికే మా యింట ఉదయపు కాఫీ అలవాటై యుండెను. గింజలు కొని తెచ్చి, ఇనుప మూకుడులో వేయించి, గోడకు బిగించిన చేతిమరలో విసరెడివారు. ఆ వాసన వీధి చివరి వరకు పోవును. నాకు పొక్కులు కనబడిన దినముననే మా అవ్వ ఆ మూకుడును అటకపై పెట్టించెను. ఆచారములలో కాఫీ ప్రస్తావన లేదే యని నాయన అడుగగా, ఆమె యిచ్చిన జవాబు నాకు నేటికిని జ్ఞాపకమున్నది.

“పోపు పొగ పడని తల్లికి ఈ పొగ పడుతుందా నాయనా? అది ఉడుకు వస్తువు. తల్లి పోయేదాకా ఇంట్లో వద్దు.”

చరిత్ర దృష్టితో చూచిన ఆ మాటలో గొప్ప విశేషమున్నది. ఆచారము పుట్టిననాటికి కాఫీ మన దేశమున లేదు. క్రొత్త వస్తువు వచ్చినప్పుడు పాత ధర్మశాస్త్రములో దానికి చోటు వెదకవలసి వచ్చినది. మా అవ్వ అక్షరము రాని మనిషియైనను, న్యాయస్థానమున తీర్పరివలె పాత నియమము నుండి క్రొత్త నియమమును తీసెను. నాయన పది దినములు వీధి చివరి హోటలులో కాఫీ త్రాగి, నోరు పుక్కిలించి ఇంట అడుగు పెట్టెడివాడు.

ఆ పథ్యములో మేలు లేకపోలేదు. నోటిలో పొక్కులున్న బిడ్డకు కారము కంటె మజ్జిగ హాయి. రాకపోకలు మాన్పుటచే అంటు కొంత తగ్గును. అయినను రోగికి ఊరట నిచ్చుట వేరు, రోగమును తొలగించుట వేరు. తొలగించినది టీకా. మదరాసు గిండీలో 1899లో స్థాపింపబడిన కింగ్ ఇన్‌స్టిట్యూటులో మశూచికపు టీకా మందు తయారయ్యెడిది. మన దేశమున ఆ వ్యాధి 1975లో ఆగిపోయెను. 1980 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ లోకమంతట అది నశించినదని ప్రకటించెను. పెద్దమ్మవారు మరలిపోయెను, వేపాకు చీర మ్రొక్కుబడి మాత్రము నిలిచియున్నది.

కాఫీ వచ్చిన త్రోవ

కాఫీ చెట్టు పుట్టినిల్లు ఆఫ్రికాలోని ఇథియోపియా. 15వ శతాబ్దమున అరేబియాలోని యెమెన్ దేశపు సూఫీ సాధువులు రాత్రి ధ్యానమున నిద్ర రాకుండుటకై దీనిని కాచి త్రాగిరి. అచ్చటి నుండి మక్కాకు ప్రాకెను. 1511లో మక్కా అధికారి ఖైర్ బేగ్ పండితులను, వైద్యులను పిలిపించి సభ చేసి, ఈ పానీయము దేహమునకు కీడని వారిచేత పలికించి నిషేధించెను. కైరోలోని సుల్తాను దానిని ఆమోదింపకపోవుటచే ఆ నిషేధము నిలువలేదు. కాఫీ దేహమునకు మంచిదా, చెడ్డదా యను మా అవ్వ ప్రశ్న అయిదు వందల యేండ్ల నాటిదని దీనివలన తెలియును.

17వ శతాబ్దమున బాబా బుడన్ అను సాధువు మక్కా యాత్ర నుండి మరలుచు ఏడు గింజలు దాచి తెచ్చి, మైసూరు సీమలో చిక్కమగళూరు చెంతనున్న చంద్రగిరి కొండపై నాటెనని ప్రతీతి. ఈ చంద్రగిరి మన తిరుపతి చెంతనున్న చంద్రగిరి కాదని చదువరులు గమనింపగలరు. తరువాత ఆంగ్లేయులు తోటలు వేసిరి. 1820 దశకమున సేలము కలెక్టరుగా నుండిన కాక్‌బర్న్ ఏర్కాడు కొండపై కాఫీ పెంపకమునకు పూనుకొనెను. 1869లో సింహళమున ఆకు తెగులు పుట్టి అచ్చటి కాఫీ తోటలను నాశనము చేయగా, ఆ ద్వీపము క్రమముగా తేయాకునకు మరలెను. మన తెలుగు నాట తూర్పు కనుమలలో, అరకు లోయ గిరిజనులు పండించు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించెను.

తోటలు వెలసిన వెంటనే మన యిండ్లలో కాఫీ కాగలేదు. మా తాతగారి చిన్ననాట ఉదయమున చద్దన్నము, మజ్జిగ, లేక గంజి. 19వ శతాబ్దపు చివరను, 20వ శతాబ్దపు మొదటి దశాబ్దములలోను కాఫీ మొదట పట్టణములలోని ఉద్యోగుల యిండ్లలో ప్రవేశించి, పిదప పల్లెలకు దిగెను. ఆనాటి పెద్దలు దీనిని గూర్చి పడిన ఆందోళన ఇంతింత గాదు. చద్ది మాని కాఫీకి మరిగి జనము బలహీనులగుచున్నారనిరి, ఆడువారు చెడిపోవుచున్నారనిరి, కల్లు కంటె నిదియే చెడ్డదనిన వారును కలరు. చరిత్రకారులు ఏ. ఆర్. వేంకటాచలపతి గారు తమిళ దేశమున జరిగిన ఈ వివాదములను ఎంతో పరిశ్రమతో వివరించిరి. గాంధీ మహాత్ముడు సైతము ఆరోగ్యమును గూర్చిన తన గ్రంథమున తేనీరు, కాఫీ, కోకోలు వలదనియే వ్రాసెను. మరియొక ప్రక్క కాఫీ హోటళ్లలో కులమును బట్టి వేరు వేరు గదులుండెడివి. పానీయము క్రొత్తదైనను పాత అంటు దానిని వదలలేదు.

1942లో కాఫీ చట్టము వచ్చి కాఫీ బోర్డు ఏర్పడెను. మా సీమలోని చిన్న యిండ్లలో చికోరి కలిపిన పొడియే ఎక్కువ. నేటి నియమము ప్రకారము అట్టి మిశ్రమమున కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గరాదు. చికోరిలో కఫీను లేదు. కావున ఒకరు త్రాగిన కాఫీ మరియొకరు త్రాగిన కాఫీతో సమానము గాదు. పథ్యము చెప్పువారు ఈ సంగతి మనస్సున నుంచుకొనవలయును.

మందైన కాఫీ

విచిత్రమేమనగా, ఆరోగ్యవంతునికి చెడ్డదని నిందింపబడిన ఈ వస్తువే అల్పకాలములో రోగి మంచము చెంతకు మందుగా చేరెను. జలుబు చేసిన శొంఠి కాఫీ. తల నొచ్చిన పాలు లేని చిక్కని కాఫీ. కడుపు జారిన నిమ్మరసము పిండిన నల్ల కాఫీ. ఇందులో శొంఠి కాఫీ మాట మరియు వింత. శొంఠి, ధనియాలు, మిరియాలు, తాటిబెల్లము వేసి కాచిన ఆ కషాయములో పెక్కు యిండ్లలో కాఫీపొడి పలుకైన నుండదు. వేడివేడిగా గొంతు దిగునది ఏదైనను కాఫీ యనిపించుకొనెను. కాచినవారు పాత కషాయమునే కాచిరి. పేరు మాత్రము క్రొత్తది పెట్టిరి.

కాఫీలోని సారమును 1819లో జర్మనీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు రుంగే వేరుపరచెను. మహాకవి గేథే ఆయనకు కాఫీ గింజలు ఇచ్చి పరిశోధింపుమనెనని చెప్పుదురు. అదియే కఫీను. 1859లో ఇంగ్లండు వైద్యుడు హైడ్ సాల్టర్ ఉబ్బసమునకు చిక్కని కాఫీ ఉపకరించునని వ్రాసెను. కఫీనుకు దగ్గరి చుట్టమైన థియోఫిలిన్ పిమ్మట ఆ వ్యాధికే మందాయెను.

నా బాల్యమున జ్వరమునకును, తలనొప్పికిని ఏ.పి.సి. మాత్ర ఇచ్చెడివారు. అందులోని మూడు వస్తువులు ఆస్పిరిన్, ఫెనాసిటిన్, కఫీను. ఫెనాసిటిన్ మూత్రపిండములకు కీడని తేలి తరువాత తొలగింపబడెను. మా అవ్వ కాఫీ డబరాను దూరముగా నెట్టి, ఏ.పి.సి. మాత్రను మాత్రము తేనెలో అరగదీసి నా నాలుకపై పెట్టెడిది. ఒక చేత్తో వలదన్న దానినే మరియొక చేత్తో ఇచ్చినదని ఆమె కెన్నడును తెలియదు. మాకును అప్పుడు తెలియదు.

మా యింటి సంగతి

1968 వేసవిలో తొమ్మిది నెలల మా చెల్లెలికి విరేచనములు పట్టుకొనెను. ఉదయము ఆరంభమై మధ్యాహ్నమునకు లెక్క తప్పెను. ఆనాటి వైద్యము ఇరుగుపొరుగు పెద్దలదే. వారందరు ఏకకంఠముగా చెప్పినది ఒక్కటే.

“నీళ్లు కట్టేయండి. నీళ్లిస్తే నీళ్లే పోతాయి. పాలు కూడా వద్దు.”

అమ్మ చనుబాలు మాన్పెను. నీళ్లు మాన్పెను. కడుపు కట్టుటకై నల్ల కాఫీ కాచి, నిమ్మరసము పిండి, గంట కొక చెంచా చొప్పున పోసెను. బిడ్డ చెంచాను కొరికి పట్టుకొని విడువలేదు. కాఫీ పైని ఇష్టమని మేమనుకొంటిమి. సాయంత్రమునకు కన్నులు గుంటలు పడెను. ఏడ్చినను కన్నీరు రాలేదు. పొట్టపై చర్మమును పట్టి విడిచిన ముడుత అట్లే నిలిచెను. తెల్లవారకమునుపే ప్రాణము పోయెను.

ఆ ఉదయము మా యింట అన్నము వార్చిరి. వార్చిన గంజిని ఎప్పటివలె పశువుల కుడితి తొట్టిలో పోసిరి. పోసినది నేనే.

ఆ దినము మొదలు అమ్మ కాఫీ ముట్టలేదు. మాకు కలిపి ఇచ్చెడిది గాని తాను త్రాగలేదు. “కాఫీ నీళ్లు పోసి బిడ్డను చంపుకున్నాను” అనునది ఆమె నమ్మకము. 1986లో నేను ఉద్యోగరీత్యా ఒక గ్రామ సభకు పోయితిని. అచ్చట ఒక నర్సమ్మగారు పొట్లము విప్పి నీటిలో కలిపి చూపుచు, విరేచనములు పట్టిన బిడ్డకు నీళ్లు కట్టుట యెంత ప్రమాదమో వివరించెను. ఆమె చెప్పిన గురుతు లన్నియు, లోతుకు పోయిన కన్నులు, ఎండిన నాలుక, నిలిచిన ముడుత, నేను ఎనిమిదేండ్ల వయస్సున కన్నులార చూచినవే. నా చెల్లెలు కాఫీ వలన చావలేదు. దాహము వలన చచ్చినది. చెంచాను కొరికి పట్టుకొన్నది కూడ అందుకే.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పవలయుననుకొంటిని. చెప్పిన యెడల కాఫీ నింద తొలగును గాని, నీళ్లు కట్టిన చేతికి ఆ నింద వచ్చును. ఆ చేయి అమ్మదే. నేను నోరు మూసికొంటిని. 25 ఏండ్లు కాఫీయే ఆ నింద మోసెను.

2011లో అమ్మ మంచము పట్టినప్పుడు వైద్యుడు ఆమె యిష్టపడినదెల్ల ఇండనెను. “అమ్మా, రెండు గుక్కలు కాఫీ ఇయ్యమంటావా?” అని యడిగితిని. “వద్దు నాయనా. అది నాకు అచ్చిరాలేదు” అనెను. అప్పుడును నేను చెప్పలేదు. చెప్పకపోవుట తప్పో ఒప్పో నాకు నేటికిని తేలలేదు.

నేడు తెలిసినది

విరేచనములలో దేహము పోగొట్టుకొనునది నీరును, ఉప్పును. చక్కెర తోడైనప్పుడు ప్రేగులు ఉప్పును, దానితో కూడ నీటిని లోనికి తీసికొనును. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున బనగాఁవ్ శరణార్థి శిబిరమున కలరా ప్రబలి, సిరలలో ఎక్కించు ద్రవము అయిపోగా, డాక్టరు దిలీప్ మహలనబీస్ గారు ఉప్పు, చక్కెర కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి త్రాగించిరి. నూటికి 30 మంది వరకు చచ్చుచున్న చోట మరణములు నూటికి 3.6కు దిగెను. ఆయన 2022లో గతించిరి. 2023లో పద్మవిభూషణ్ బిరుదము ప్రకటింపబడెను. పొట్లము దొరకనిచో ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో తలకొట్టి కొలిచి, కలుపవలయును. ఉప్పు వేసిన గంజియు మేలే. తల్లిపాలు మాన్పరాదు. పసిబిడ్డకు కాఫీ ఇందులో దేనికిని పనికిరాదు.

పెద్దల విషయమున తీర్పు ఇంత కఠినము గాదు. అలవాటున్నవారికి మితమైన కాఫీ దేహమును ఎండగొట్టదు. త్రాగిన నీటిలో అదియు చేరును. కాని జ్వరమున గంజికిని, నీటికిని బదులుగా దానిని త్రాగుట, ప్రొద్దుగూకిన పిమ్మట త్రాగి నిద్ర చెరుపుకొనుట మంచిది గాదు. ప్రతిదినము త్రాగువాడు జబ్బున హఠాత్తుగా మానిన, ఒకటి రెండు దినములలో తలనొప్పి పుట్టుట కలదు. లంఖణము నాటి తలనొప్పిని జ్వరము నెత్తికెక్కినదని మనవారు భయపడిరి; అందులో కొంత కాఫీ లేమి వలన వచ్చినదే కావచ్చును. ఇనుపధాతువు మాత్రలను, థైరాయిడు మాత్రను కాఫీతో మ్రింగిన వాని సారము దేహమునకు సరిగా పట్టదు. సిప్రోఫ్లాక్ససిన్ వంటి మందులు వాడునప్పుడు కఫీను దేహమున ఎక్కువ సేపు నిలిచి గుండె దడ కలిగింపవచ్చును. వైద్యుని అడుగవలసిన ప్రశ్న, కాఫీ త్రాగవచ్చునా యని మాత్రమే గాదు. ఈ మందుతో త్రాగవచ్చునా యని.

మరియొక మాట. నెలలు నిండక పుట్టి ఊపిరి తీయుట మరచు శిశువులకు నేడు ఆసుపత్రులలో కొలత ప్రకారము ఇచ్చు మందులలో కఫీను ముఖ్యమైనది. 2006లో వెలువడిన పెద్ద పరిశోధన దాని మేలును రుజువు చేసెను. మా అమ్మ పసిబిడ్డను చంపినదని వెలివేసిన వస్తువే, కొలతలో నున్నచో, పసిబిడ్డలకు ఊపిరి నిలుపుచున్నది. ఆమె యుండగా ఈ మాట చెప్పుటకు నాకు ధైర్యము చాలలేదు.

సోదర సోదరీమణులారా! నేను మన పెద్దల ఆచారములను ఆక్షేపించుటకు ఇది వ్రాయలేదు. వారి కుండలో ఉప్పు వేసిన గంజి యుండెను, మజ్జిగ యుండెను, లేత కొబ్బరి నీరుండెను. అమ్మవారు పోసిన బిడ్డకు అన్నియు నిచ్చిరి. విరేచనముల బిడ్డకు మాత్రము నీరు కట్టిరి. ఈనాటికిని మన కుటుంబములలో “నీళ్లు కట్టండి” అను మాట అక్కడక్కడ వినబడుచునే యున్నది. ఆడి మాసమున పెరియపాళయమునకు పోవునప్పుడు, వేపాకు కట్టుకొనుడు, పొంగలి పెట్టుడు. గుడి వెలుపల చలివేంద్రమున బిడ్డలకు ముందుగా నీళ్లు త్రాగింపుడు. ఆ పిమ్మట మీరు కాఫీ త్రాగవచ్చును.